పరపతి

బుసియాలో సరిహద్దంటే
ఒక మురుగుకాలువ, ఒక ఇనుప గేటు,
నిద్రమొహాలతో ఇద్దరు పోలీసులు.
ఆ గట్టున చేప పేరు ముకేనె.
మా గట్టున దిగేసరికి ఒమేనా.
వేలెడంత కూడా ఉండదు,
రెండు పేర్లు మోస్తుంది.
కంపు మాత్రం రెండు చోట్లా ఒకటే.

నబ్వీరె పదకొండేళ్ళుగా
వారానికి మూడుసార్లు ఆ గేటు దాటేది.
గోనెసంచి దాటేది. సైకిలు దాటేది.
మొదట్లో వీపున, తర్వాత క్యారియరు మీద
పిల్లవాడు దాటేవాడు.
ఆమె తిట్లు రెండు భాషల్లో దాటేవి.
దాటనిది ఒక్కటే:
అటుపక్క ఆమె ఫోన్లో
నెలనెలా తీర్చుకుంటూ వచ్చిన
నూట ముప్పై వాయిదాల లెక్క.

నాకెలా తెలుసంటే, కాదన్నవాణ్ణి నేనే.
అప్పుల కౌంటరు, రెండో కిటికీ, ఫ్యాను కింద.
పేరు కొట్టాను. తెర మీద
కడిగిన పలక.
"మీకు చరిత్ర లేదమ్మా" అన్నాను,
నలభై దాటిన మనిషితో.
ఆమె ఫోను తిప్పి చూపించింది.
"అది అటుపక్కది. ఇటు చెల్లదు."
"చేప చెల్లుతోందిగా" అంది.

ఆ సాయంత్రమే మకోఖా గుమ్మం ఎక్కింది.
వందకు వారానికి పది.
అతను కాగితం అడగడు, గుర్తుపెట్టుకుంటాడు.
ఈలోగా వానలొచ్చాయి.
నేల మీద ఆరబోసిన చేప బూజుపట్టి
సగం ధరకి కోళ్ళ దాణాలోకి పోయింది.
వడ్డీ మాత్రం తడవలేదు.

పరపతి అన్న మాటలో
అప్పు పుట్టడమూ ఉంది, మాట చెల్లడమూ ఉంది.
మా ఫారంలో మొదటిదానికే గడి ఉండేది.

రెండేళ్ళకి ఎక్కడో ఏసీ గదిలో
రెండు దేశాలవాళ్ళు ఒక ఒప్పందం రాసుకున్నారు.
మా దాకా వచ్చింది ఒక సర్క్యులరు,
తెర మీద కొత్త మీట.
ఇక లెక్క గేటు దాటవచ్చు.
సొంతదారు సరేనంటేనే,
అడిగినంత మేరకే,
చదివినవాడి పేరు వెనక రాసి మరీ.

నబ్వీరె తొందరపడలేదు.
కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది.
నా ఆస్పత్రి చీటీలు కూడా వస్తాయా?
రావు.
నా మొగుడి బాకీలు?
రావు.
మకోఖాకి కనబడుతుందా?
కనబడదు.
వెళ్ళినదాన్ని వెనక్కి పిలిస్తే వస్తుందా?
అక్కడ తడుముకున్నాను.
సర్క్యులరు తీసి మళ్ళీ చదివాను, వేలు పెట్టి.
ఇకపై చూడకుండా ఆపొచ్చు,
చూసేసింది మాత్రం చూసేసినట్టే, అన్నాను.
ఆ మాటకే నమ్మిందనుకుంటాను.

చేపపొలుసు అంటిన బొటనవేలిని
అద్దం మొదట ఒప్పుకోలేదు.
గౌనుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది.
కాలువ మీద గద్ద ఒక చుట్టు తిరిగేలోపు
పదకొండేళ్ళూ వచ్చేశాయి.
ఎవరూ గేటు ఎత్తలేదు, సంచి విప్పించలేదు.
వాయిదా వెనక వాయిదా.
ఒక్క మార్చిలో మాత్రం తొమ్మిది రోజులు ఆలస్యం.
"పిల్లాడికి జ్వరం" అంది, నేను అడక్కుండానే.
అది లెక్కలో లేదు.

వందకు ఏడాదికి పదహారు.
ఆ డబ్బు తీగ అల్లిన మంచెలయింది,
మంచెల మీద ప్లాస్టిక్ కప్పయింది,
చినుకుల కింద కూడా గలగలమనే చేపయింది.
తిరగేయడానికి ఇద్దరు ఆడవాళ్ళు, రోజు కూలికి.
నకురులో ఒక బడి వంటశాల
ఆమె మొహం చూడకుండానే నెలకి ఆరు బస్తాలంది.
మకోఖా కూడా వారానికి ఆరుకి దిగాడు,
దిగినట్టు ఎవరికీ చెప్పలేదు.

అంతా మారిందనను.
లారీలు ఇంకా బారులు తీరే ఉన్నాయి.
కాలువ కాలువే.

మొన్న మంగళవారం ఒక కుర్రది వచ్చింది,
టమాటాల బుట్టతో, అటుపక్క నుంచే.
ఫోను అన్నది. పేరు కొట్టాను.
కడిగిన పలక.
పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది.
కుర్చీ జరిపి అడిగాను:
ఇంతవరకూ నీకు అప్పు పెట్టినవాళ్ళెవరు?
ఒక్కొక్కరి పేరే చెప్పు,
మెల్లగా.